నోటితో చెప్పు

కూర్చోమన్నారు, కూర్చున్నాను. ఈ బెంచీకి ఒక కాలు పొట్టి, నేను కాస్త కదిలితే చాలు టక్కుమంటుంది. టక్కుమన్నప్పుడల్లా బల్ల వెనక ఉన్న మీసాల కానిస్టేబులు తలెత్తి నావంక చూస్తాడు, ఆ చప్పుడు బెంచీది కాదు, నా పొగరుది అన్నట్టు. ఎదురుగా ఉన్న తలుపు అవతల మా తమ్ముడున్నాడు. ఇన్‌స్పెక్టరు వాణ్ణి ప్రశ్నలడుగుతున్నాడు. తలుపు సరిగ్గా మూసుకోక జానెడు సందు మిగిలింది, అందులోంచి ప్రశ్నలు వినిపిస్తున్నాయి, జవాబులు మాత్రం వినిపించడం లేదు. జవాబులు లేక కాదు. మా చిన్నోడికి నత్తి. జవాబు వాడి గొంతు దాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది, దాన్ని పైకి లాగేలోపు ఆ మహానుభావుడు ఇంకో ప్రశ్న వేస్తాడు. ప్రశ్న మీద ప్రశ్న, అడగడమే ఉద్యోగం, వినడం ఉద్యోగంలో భాగం కాదు కాబోలు. నన్ను లోపలికి రానివ్వలేదు. వాడి సంగతి వాడే చెప్పాలట, పక్కనుంచి ఎవరూ అందించకూడదట. ఇదేమన్నా పరీక్ష హాలా, నేనేమన్నా చీటీలు అందించడానికి వచ్చానా.

జరిగింది చెప్పాలంటే రెండు ముక్కలు. మా చిన్నోడు లిఫ్టులు బాగుచేస్తాడు. ఇవాళ పొద్దున ఒక పెద్ద అపార్ట్‌మెంటులో లిఫ్టు ఆగిపోయిందని కంపెనీ వాళ్ళు పంపితే పనిముట్ల సంచి భుజాన వేసుకుని వెళ్ళాడు. అప్పటికే అక్కడ మూడో అంతస్తులో ఎవరింట్లోనో తెల్లారాక నగలు పోయాయని పోలీసులొచ్చి ఉన్నారు. గేటు దగ్గర ఈ మీసాల కానిస్టేబులే ఆపి పేరేంట్రా అన్నాడు. మావాడు పేరు చెప్పాడు. జేబులో కార్డు తీసి చూస్తే దాని మీద ఇంకో పేరుంది. ఇంకేం కావాలి, సంచిలో స్క్రూడ్రైవర్లు, నోట్లో తప్పుడు పేరు, మొహం నిండా చెమట. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నాడట, ఆ ముక్క కానిస్టేబులు నాకు ఎంత సంబరంగా చెప్పాడో, అదేదో తనే కనిపెట్టిన సామెత అయినట్టు.

నేను డ్యూటీ మధ్యలో పరిగెత్తుకొచ్చాను. బస్సు కండక్టర్ని, టికెట్ల మిషను ఇంకా మెడలోనే ఉంది. లోపలికి అడుగు పెట్టగానే నా యూనిఫాం చూసి కానిస్టేబులు కుర్చీలోంచి సగం లేచాడు, చెప్పండి మేడమ్ అన్నాడు. సిటీ బస్సులో కండక్టర్ని అన్నాను. లేచినవాడు మళ్ళీ చతికిలబడి, ఏంటమ్మా చెప్పు అన్నాడు. లిఫ్టులు బాగుచేసే అతని అక్కని అన్నాను. ఓహో, నీ తమ్ముడేనా వాడు, బాగానే పెంచావు అన్నాడు. మేడమ్ దగ్గర ఎక్కిన దాన్ని నువ్వు దగ్గర దింపేశాడు, మా బస్సు కూడా అంత తొందరగా స్టాపులు దాటదు. కోపం నషాళానికంటింది. కానీ మింగాను. లోపల వాడున్నాడు, బయట నేను నోరు పారేసుకుంటే లోపల వాడికి పడుతుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ అస్తమానం అనేది. అమ్మా, నోరు రానివాడికి ఏ ఊరు మంచిదో అది నువ్వు చెప్పలేదు.

చెప్పాను, మర్యాదగానే చెప్పాను. సార్, వాడికి నత్తి, కంగారు పెడితే అసలు రాదు, కాస్త ఆగండి, లేదా ఒక కాగితం ఇవ్వండి, రాసిస్తాడు, పోనీ వాడి కంపెనీకి ఒక్క ఫోను చెయ్యండి అన్నాను. కానిస్టేబులు మీసం మీద చెయ్యేసుకుని, నత్తి ఉన్నవాడికి తప్పుడు పేరు అంత గడగడా ఎలా వచ్చిందమ్మా అన్నాడు. ఆ ప్రశ్న వినడానికి ఎంత తెలివిగా ఉంది. ఎవరైనా అదే అడుగుతారు. దానికి జవాబు చెప్పాలంటే వాడి బతుకంతా చెప్పాలి, ఈ బల్ల ముందు నిలబడి, ఆయన చెవిలో అగ్గిపుల్ల తిప్పుకుంటుండగా. వాడి పేరు గ తో మొదలవుతుంది. ఆ గ వాడికి గుమ్మంలో రాయి, పుట్టినప్పట్నించి తట్టుకుని పడుతూనే ఉన్నాడు. మా నాన్న పేరు ఆ తో మొదలవుతుంది, అది గాలి వదిలినంత సులువుగా వస్తుంది. అందుకని బడి వదిలేశాక కొత్తవాళ్ళెవరు పేరడిగినా మా నాన్న పేరే చెప్తాడు. మంగలి షాపులో అదే, చెప్పులు కుట్టే అతని దగ్గర అదే, రైల్లో పక్కసీటు పెద్దాయన దగ్గర అదే. నాన్న పోయి ఏళ్ళయింది, అయినా సగం ఊరు మా చిన్నోణ్ణి నాన్న పేరుతోనే పలకరిస్తుంది, ఒక్కోసారి బజార్లో ఆ పేరు వినిపిస్తే చటుక్కున వెనక్కి తిరుగుతాను. ఇది మోసమా. ఎవణ్ణి ముంచాడు వాడు. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కోకుండా, ఎదుటివాళ్ళు నవ్వకుండా నాలుగు అక్షరాల దారి వెతుక్కున్నాడు, అంతే. గేటు దగ్గర మీరు గద్దించారు, వాడికి అలవాటైన దారి పట్టాడు. ఇదంతా కానిస్టేబులుకి చెప్పబోతే సగంలోనే చెయ్యి అడ్డం పెట్టాడు, కథలొద్దమ్మా, సూటిగా చెప్పు అని. సూటిగా చెప్పేవాళ్ళకే అయితే ఈ స్టేషన్లెందుకు.

లోపల్నించి ఇన్‌స్పెక్టరు గొంతు. తల ఊపకు, నోటితో చెప్పు. ఎన్నోసారో ఇది. వాడు తల అడ్డంగా ఊపుతున్నాడన్నమాట, కాదని, నేను కాదని, ఇంతకన్నా స్పష్టంగా మనిషి ఎలా చెప్తాడు. చిన్నపిల్లలు చెప్తారు, మూగవాళ్ళు చెప్తారు, అందరికీ అర్థమవుతుంది, ఈయనకి మాత్రం నోట్లోంచే రావాలి. ఇంకో సంగతుంది, అది తలుచుకుంటేనే నాకు భయం. మాట ఇరుక్కున్నప్పుడు వాడి గడ్డం కిందికి దిగుతుంది, కళ్ళు మూసుకుంటాడు, తల ముందుకు ఒంగి ఒంగి లేస్తుంది. చూసేవాళ్ళకి అచ్చం అవును అవును అని ఒప్పుకుంటున్నట్టుంటుంది. బళ్ళో లెక్కల మాస్టారు దాన్ని చూసే వీపు విమానం మోత మోగించాడు, కాపీ కొట్టావట్రా అంటే తల ఊపాడని. నేను పక్క క్లాసులోంచి పరిగెత్తుకెళ్ళాను, అది వేరే సంగతి, నాకూ రెండు పడ్డాయి. హాజరు పిలిచేటప్పుడు వాడి నంబరు దగ్గర పడుతుంటే వాడు బెంచీ అంచు గట్టిగా పట్టుకునేవాడు. పలకకపోతే రానట్టు. ఎదురుగా బెంచీ మీద కూర్చున్న పిల్లాడు రానట్టు. నిజం, ఆ ఏడాది ప్రోగ్రెస్ కార్డు మీద హాజరు తక్కువని రాశారు, నాన్న అది చూసి నవ్వాలో ఏడవాలో తెలీక చొక్కా వేసుకుని బడికి బయల్దేరాడు.

ఇంతలో ఒకాయన వచ్చాడు, ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో కారు తాళాలు. గుమ్మం దగ్గర్నించే మొదలెట్టాడు, కారుకి ఎవడో గీత పెట్టాడని, ఆ గీత పెట్టినవాడెవడో తనకి తెలుసని, పక్కింటివాడేనని, వాడి చరిత్ర అంతా తెలుసని. సగం ఇంగ్లీషు, సగం విసుగు. మా మీసాల కానిస్టేబులు లేచి నిలబడ్డాడు. కూర్చోండి సార్, మంచినీళ్ళు తాగుతారా సార్, నిదానంగా చెప్పండి సార్. నిదానంగా. ఆ మాట ఆ నోట్లో ఉందన్నమాట, ఇందాకట్నించి లేదనుకున్నాను. గొంతు కూడా మారిపోయింది, కింది నుంచి వచ్చే గొంతు పైకెక్కి మెత్తగా తేలింది. ఒకే మనిషి, ఒకే బల్ల, ఒకే మధ్యాహ్నం, గేటు దగ్గర ఏరా, నాకు ఏంటమ్మా, ఈయనకి సార్. మూడు గొంతులు ఎక్కడ దాచుకుంటారో. పోనీ కారాయన చెప్పేది నిజమా అంటే, చూశారా మీరు అని కానిస్టేబులు అడగనే లేదు. గడగడా చెప్తున్నాడు కాబట్టి నిజమే. ఆగి ఆగి చెప్తే అల్లుతున్నట్టు, ఆగకుండా చెప్తే నిజం చెప్తున్నట్టు, ఈ లెక్క ఎవరు నేర్పారో వీళ్ళకి. నన్నడగండి, రోజంతా మనుషుల మధ్య ఒరుసుకుంటూ తిరిగేదాన్ని. టికెట్టు లేనివాడి నోట్లో ఊరిన మాటలు టికెట్టున్నవాడి నోట్లో ఊరవు. లేనివాడు మీదికొస్తాడు, మీ పై అధికారి నాకు తెలుసంటాడు, ఇప్పుడే కదమ్మా తీసుకున్నానంటాడు, తడబడడు. టికెట్టున్నవాడే, అడగ్గానే ఎక్కడ పెట్టానబ్బా అని జేబులన్నీ వెతుక్కుంటూ మొహం ఎర్రగా చేసుకుంటాడు. నాకు తెలిసిన ఈ ముక్క పోలీసులకి తెలీదా. తెలుసు. తెలిసి ఊరుకోవడం సుఖం, మాటొచ్చినవాణ్ణి పట్టుకుంటే తిరిగి మాట్లాడతాడు, మాట రానివాణ్ణి పట్టుకుంటే సాయంత్రానికి కేసు తేలిపోతుంది.

వాడు లిఫ్టుల పని ఎందుకు పట్టుకున్నాడో మా ఇంట్లో ఒక జోకు. లిఫ్టులో ఎవరూ ఎవరితో మాట్లాడరు, అందరూ అంకెలు చూస్తూ నిలబడతారు, అందుకని. మా మరదలు ఆ జోకుకి నవ్వదు. ఆవిడ వేరే రకం. పెళ్ళైన కొత్తల్లో చూశాను, వాడు ఏదో చెప్పబోయి ఇరుక్కున్నాడు, నేను అలవాటుగా అందించబోయాను, ఆవిడ ఉల్లిపాయ తరుగుతూ నా చేతి మీద చిన్నగా తట్టింది. ఆగాను. అంతసేపూ ఆవిడ తరగడం ఆపలేదు, వాడి మొహంలోకీ చూడలేదు, తొందరేముంది అన్నట్టు తరుగుతూనే ఉంది. వాడు చెప్పాడు. ఏం చెప్పాడంటే, కూరలో ఉప్పు ఎక్కువైందని. ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం, ఇంత కష్టపడి చెప్పింది ఇదా అని, వాడూ నవ్వాడు. ఆవిడకి ఇంకా ఫోను చెయ్యలేదు. ఏమని చెయ్యను. నీ మొగుడు తన పేరు చెప్పలేక స్టేషన్లో ఉన్నాడని చెప్పనా.

నాకు వాడి ఇంకో అలవాటు గుర్తొచ్చింది. వాడు రానిమాటని వదిలేసి వచ్చేమాటని పట్టుకుంటాడు. హోటల్లో కాఫీ తాగాలని ఉంటుంది, క రాదు, టీ అంటాడు. టీ అంటే వాడికి అసహ్యం, అయినా ఏళ్ళ తరబడి తాగుతున్నాడు, ముక్కు మూసుకుని. కాదు అనాల్సి వస్తే ఆ క దగ్గరే ఆగిపోతుంది. ఎదుటివాడు ఊఁ ఊఁ అని తొందర పెడితే, ఆ తొందర నించి బయటపడటానికి అవును అనేస్తాడు. అవును వాడికి వెన్నలా వస్తుంది. ఒకసారి అలాగే ఇంటి ఓనరు గోడకి మేకు కొట్టింది నువ్వేనా అంటే అవునన్నాడు, కొట్టింది నేను. ఇంట్లో అయితే మేకుతో పోతుంది. ఇక్కడ అవును అంటే జైలు. ఉద్యోగం పోతుంది, ఇంకెవడూ లిఫ్టు కాదు కదా ఇంటి గడప కూడా ఎక్కనివ్వడు. అనకురా నాన్నా, ఆ ఒక్క మాట అనకు, కొరికిపట్టు, ఏడు, కళ్ళు తిరిగి పడిపో, ఏమైనా చెయ్యి, ఆ మాట మాత్రం అనకు.

లోపల బల్ల మీద అరచెయ్యి పడిన చప్పుడు. తీసింది నువ్వేనా. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం లోపల ఏం జరుగుతోందో ఈ స్టేషన్ మొత్తంలో నాకొక్కదానికే తెలుసు, గడ్డం దిగుతోంది, మెడనరం ఉబ్బుతోంది, క కోసం వాడు కొండని లాగుతున్నాడు. మౌనం అర్ధాంగీకారం అంటార్రా, తెలుసా అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఎవరికో వినిపించాలన్నట్టు. తీసింది నువ్వే కదా. నువ్వే కదా. చెప్పు, నువ్వే కదా.

అవును సార్, అన్నాడు మా చిన్నోడు. ఎక్కడా తగలకుండా, చక్కగా, రేడియోలో చెప్పినట్టు.

ఎలా లేచానో తెలీదు. బెంచీ పడిపోయింది, కానిస్టేబులు ఏయ్ ఏయ్ అంటున్నాడు, నేను ఆ గదిలో ఉన్నాను. ఇన్‌స్పెక్టరు కలం తీస్తున్నాడు. నిన్నెవరు రమ్మన్నారు అన్నాడు. సార్, ఆ అవును చెల్లదు అన్నాను. వాడే ఒప్పుకున్నాడమ్మా, నేను కొట్టలేదు, తిట్టలేదు, నోరారా ఒప్పుకున్నాడు అన్నాడాయన. ఇంకేం చెప్పినా వినడని ఆ మొహం చూడగానే అర్థమైంది. నత్తి అని చెప్తే బయటాయన వినలేదు, రాస్తాడంటే వినలేదు, ఈయన వింటాడా. అప్పుడు తమ్ముడి వైపు తిరిగాను. ఇన్‌స్పెక్టరు గొంతు ఇందాకట్నించి వింటూనే ఉన్నాను కదా, ఆ గొంతు తెచ్చుకుని, బల్ల మీద నా అరచెయ్యే వేసి, ఏయ్, ఈ స్టేషన్‌కి ఇన్‌స్పెక్టరువి నువ్వేనా అన్నాను.

వాడు ఉలిక్కిపడి నావంక చూశాడు. నేను ఏం చేస్తున్నానో వాడికి ఒక్క క్షణంలో తెలిసిపోయింది. తెలిసినా వాడు కాదు అనడానికే ప్రయత్నించాడు. అదే నన్ను కోసేసింది. అక్క ముందు, అక్క వేసిన వెర్రి ప్రశ్నకి కూడా నిజమే చెప్పాలని గడ్డం దించి, కళ్ళు మూసుకుని లాగుతున్నాడు. నేను ఆగలేదు. ఆగితే పని చెడుతుంది. నువ్వే కదా ఇన్‌స్పెక్టరువి, తల ఊపకు, నోటితో చెప్పు, నువ్వే కదా.

అవును, అన్నాడు.

గుమ్మంలోకొచ్చిన కానిస్టేబులు ముందు నవ్వాడు. అతని వెనక కారాయన నవ్వాడు. ఇన్‌స్పెక్టరు నన్ను చూసి, వాణ్ణి చూసి, కలం కింద పెట్టి తనూ నవ్వాడు, అరెరె, నా కుర్చీకే ఎసరు పెట్టాడే అని. అందరూ నవ్వారు, మా చిన్నోడు నవ్వలేదు. చెవులు కందిపోయి నేల చూస్తున్నాడు. నాకు వాళ్ళందరి పళ్ళు రాలగొట్టాలనిపించింది. తర్వాత ఇన్‌స్పెక్టరు, ఇందాకట్నించి నేను బతిమాలుతున్న పని, లిఫ్టు కంపెనీకి ఫోను చేశాడు. ఆ సూపర్‌వైజరు తెల్లారినప్పట్నించి వీడు ఊరవతల ఇంకో బిల్డింగులో తన పక్కనే పనిచేశాడని, అక్కణ్ణించే ఇక్కడికి పంపానని చెప్పాడు. ఒక్క ఫోను. అంతే పని. సరేనమ్మా, తీసుకెళ్ళు అన్నాడు ఇన్‌స్పెక్టరు నాతో. మీవాడికి చెప్పు, ఇంకోసారి పోలీసుల దగ్గర దొంగ పేర్లు చెప్పొద్దని. పక్కనే నిలబడ్డవాడికి నేను చెప్పాలట. పనిముట్ల సంచి కానిస్టేబులు కాలితో ఇటు జరిపాడు.

నేను సంచి భుజాన వేసుకుని వాడి చెయ్యి పట్టుకున్నాను. పద నాన్నా అన్నాను. కదల్లేదు. బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. గడ్డం దిగింది. కళ్ళు మూసుకున్నాడు. గొంతులోంచి చిన్న చప్పుడు, రాయి మీద రాయి ఒరుసుకున్నట్టు. సరే సరే, అర్థమైందిలే, వెళ్ళిక అని ఇన్‌స్పెక్టరు టోపీ తీసుకుని లేచాడు. గుమ్మం వైపు వచ్చాడు. నేను వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"అడ్డు లేమ్మా, నాకు పనుంది."

"ఆయన జవాబు చెప్తున్నారు సార్."

"అయిపోయింది కదమ్మా. వదిలేశాం కదా."

"అడిగింది మీరు. నిలబడి వినండి."

ఆయన నన్ను నెట్టచ్చు. నెడతాడనే అనుకున్నాను. నెట్టలేదు, వెనక్కి తిరిగి చూశాడు. బయట ఫోను మోగుతోంది, కానిస్టేబులు దాని వైపు ఒక అడుగు వేసి మళ్ళీ ఆగిపోయాడు. నాకు ఆ మాట తెలుసు, వాడు ఏం చెప్పబోతున్నాడో ప్రతి అక్షరమూ తెలుసు, నా నాలుక చివర తిరుగుతోంది, పళ్ళు బిగించి పట్టుకున్నాను. కాలర్ తడిసిపోయింది వాడికి. ఫోను మోగీ మోగీ ఆగింది. ఎవరూ కదల్లేదు.

"నేను కాదు" అన్నాడు. కళ్ళు తెరిచి, నన్ను కాదు, ఇన్‌స్పెక్టరుని చూస్తూ. ఊపిరి తీసుకున్నాడు. మళ్ళీ గడ్డం దించాడు, ఈసారి ఇంకా ఎక్కువ సేపు పట్టింది, ఇన్‌స్పెక్టరు టోపీ చేతిలో పట్టుకుని నిలబడే ఉన్నాడు. తన పేరు చెప్పాడు. ఇంటిపేరుతో సహా.